ఏ ఊరి పుట్టి? – ప్రోగ్రాము భాషలలో టైప్ క్లాసులు, మాడ్యూళ్లు

నెల్లూరు డెల్టాలో ధాన్యము పుట్ల లెక్కన అమ్ముడుపోవును. ఇచ్చట పుట్టి యనగా 850 కిలోలు. కోవూరు రైతు నెల్లూరు మిల్లు యజమానితో "పది పుట్లున్నవి" అన్నచో ఏ పుట్టి యని ఆయన అడుగడు. అడిగినచో రైతు నవ్వును. పుట్టికి ఇరువది తూములను లెక్క తెలుగునాట పెక్కుచోట్ల చెల్లినదే. కాని తూము సీమసీమకును మారుచుండుటచే పుట్టియు మారినది. పొరుగుసీమ వర్తకుడు వచ్చిన నాడు "మీ పుట్టియా, మా పుట్టియా?" అను ప్రశ్న తేలిన పిమ్మటనే బేరము సాగవలెను. ఇండ్లస్థలములు కొలుచు అంకణమును ఇట్టిదే. నెల్లూరులో అంకణము 72 చదరపు అడుగులు. 36 చదరపు అడుగులే అంకణమని లెక్కించు ఊళ్లును కలవు.

ఒకే మాటకు పలు అర్థములున్నప్పుడు సరియైన అర్థమును నిర్ణయించుటకు లోకములో రెండు మార్గములు కలవు. ఇచ్చట ఇదియే కొలత యని అందరును ముందుగా ఒప్పుకొని, అటుపై ఆ సంగతి ఎత్తకుండుట ఒకటి. ప్రతి బేరమునందును కొలతను పేరుపెట్టి చెప్పుట రెండవది. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు భాషలలో, ముఖ్యముగా గణితములోని ప్రమేయమునే పునాదిగా గైకొన్న ఫంక్షనల్ భాషలలో, పలు దశాబ్దములుగా సాగుచున్న యొక చర్చకు ఈ రెండు మార్గములే మూలము. మొదటిదానికి టైప్ క్లాసులని పేరు, రెండవదానికి మాడ్యూళ్లని పేరు. వీనిలో ఏది ఎచ్చట మేలో, దాని మేలునకు ఏమి మూల్యము చెల్లింపవలసియుండునో వివరింపబూనుచున్నాము. ప్రోగ్రాము పంక్తులు చూపక వాడుకలోని వస్తువులతోనే చెప్పెదము.

ముందు టైపు అనగా నేమో తెలియవలెను. కంప్యూటరు లోపల నున్నవన్నియు సున్నలు, ఒకట్లు. ఒక అంకెల వరుస ధాన్యపు తూకమా, మనిషి పేరా, తేదీయా యన్నది యంత్రమునకు పట్టదు. ఈ విలువ ఈ జాతిది అని ప్రోగ్రాములో వేయు ముద్రయే టైపు. ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు ఆ ముద్రలను పరిశీలించి, తూకమును తేదీతో కూడబోయినచో ముందే అడ్డుపడును. ముద్ర లేని అంకె ఎంత చేటు తెచ్చునో 1999లో లోకము చూచినది. అమెరికావారు కుజగ్రహమునకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఆ సంవత్సరము సెప్టెంబరు 23న, గ్రహమును చేరు సమయముననే నష్టమైనది. నేలమీది యొక ప్రోగ్రాము రాకెట్టు త్రోపును పౌను-సెకనులలో లెక్కగట్టి యిచ్చినది. దానిని అందుకొన్న ప్రోగ్రాము అవి న్యూటన్-సెకనులని భావించినది. రెంటికిని సుమారు నాలుగున్నర రెట్లు భేదము. అంకె క్షేమముగానే చేరినది, పుట్టి మాత్రము మారినది.

1970 తరువాతి సంవత్సరములలో ఎడింబరో విశ్వవిద్యాలయమున రాబిన్ మిల్నర్ తన సహచరులతో కూడి ఎం.ఎల్. అను భాషను నిర్మించెను. ఆ భాషలో ప్రోగ్రాము వ్రాయువాడు టైపులను చాలవరకు చెప్పనక్కరలేదు. కంపైలరే వానిని ఊహించి కనుగొనును. జాబితాలో ఎన్ని అంశములున్నవో లెక్కించు ప్రమేయమును ఒక్కసారి వ్రాసినచో, అది పేర్ల జాబితాకును తూకముల జాబితాకును మార్పు లేకయే పనిచేయును. గంపలో నున్నవి నిమ్మకాయలో మామిడికాయలో తెలియకున్నను లెక్కపెట్టవచ్చును గదా! దీనిని బహురూపత యందురు.

అదే గంపలోని కాయలను చిన్నవి మొదలు పెద్దవి వరకు పేర్చవలెనన్నచో సంగతి మారును. ఇప్పుడు రెండు కాయలను చేతబట్టి ఏది చిన్నదో చెప్పగలుగవలెను. ఆ జ్ఞానము టైపు టైపునకును వేరు. అంకెలకు ఒక క్రమము, పేర్లకు అకారాదిక్రమము, తేదీలకు మరియొకటి. రెండు వస్తువులు సమానమా కాదా యన్న చిన్న ప్రశ్నకు సైతము ఇదే చిక్కు. స్టాండర్డ్ ఎం.ఎల్. నిర్మాతలు సమానత కొరకు మాత్రము ఒక ప్రత్యేకపు ఏర్పాటును భాషలోనే చేర్చి సరిపెట్టిరి. చొక్కాకు వేసిన అతుకువలె అది పని జరిపినదే గాని, రెండవ చిరుగునకు మరల అతుకు వెదుకవలసినదే.

హాస్కెల్ అను క్రొత్త భాషను నిర్మించుటకు 1987లో ఒక సంఘము ఏర్పడినది. అతుకులు లేని మార్గమును ఫిలిప్ వాడ్లర్ 1988 ఫిబ్రవరిలో ఆ సంఘమునకు సూచించెను. మరుసటి సంవత్సరము స్టీఫెన్ బ్లాట్ తో కలిసి దానిని విద్వత్సభలో వ్యాసముగా సమర్పించెను. 1990లో వెలువడిన హాస్కెల్ మొదటి నివేదికలో అది చేరినది. టైప్ క్లాసు పుట్టుక ఇట్టిది.

టైప్ క్లాసు అనగా ఒక శక్తికి పెట్టిన పేరు. "క్రమము గలవి" అనునది ఒక క్లాసు. పోల్చుటకు వీలుగా ఉండుటయే అందులో చేరుటకు అర్హత. అంకెల టైపు ఆ క్లాసులో చేరునప్పుడు, అంకెలను పోల్చు విధానమిది యని ఒక్కచోట వ్రాసి యుంచెదరు. పేర్లకును అట్లే. ఇక పేర్చు ప్రమేయమును వ్రాయువాడు "క్రమము గల ఏ టైపునకైనను ఇది చెల్లును" అని మాత్రము చెప్పును. వాడుకొనువాడు జాబితాను అందించిన చాలును. అందులో నున్నవి పేర్లని కంపైలరు తానే గ్రహించి, పేర్లను పోల్చు విధానమును వెదకి తెచ్చి, తెరచాటున ఆ ప్రమేయమునకు అందించును. మిల్లువానికి పుట్టి విడిగా చెప్పనక్కరలేనట్లే, ఇచ్చట పోలిక విడిగా చెప్పనక్కరలేదు.

ఇందు మరియొక సౌకర్యము గలదు. దీని గొప్ప యంతయు ఇందే యున్నదని మా తలంపు. రెండు వస్తువుల జంటను పోల్చవలెనన్నచో మొదటి వస్తువులను పోల్చి, అవి సమానమైనచో రెండవవానిని పోల్చవలెనని సూత్రముగా ఒక్కసారి వ్రాసియుంచిన చాలును. ఊరి పేరు, తేదీ కలసిన జంటను పోల్చు విధానమును కంపైలరు తానే కల్పించును. అట్టి జంటల జాబితాలను పోల్చవలసివచ్చినచో, మరియొక మెట్టెక్కి అదియు తానే కల్పించును. ఎన్ని అంతస్తులున్నను మనిషి చేయి పెట్టనక్కరలేదు. మేస్త్రి ఒక్క ఇటుక కొలత చెప్పి మేడ ఎత్తు తెలిసికొన్నట్టు.

ఈ సౌకర్యమునకు కట్టవలసిన సుంకము ఒకటి గలదు. దానిని చూచుటకు మన తీరమునందలి రొయ్యల చెరువులకు పోవలెను.

2009లో దేశమున వనామీ రొయ్యల పెంపకమునకు అనుమతి లభించిన పిమ్మట నెల్లూరు తీరమున ఆ సాగు విస్తరించినది. రొయ్యల ధరను నిర్ణయించునది కౌంటు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో ఆ సంఖ్యయే కౌంటు. కావున 30 కౌంటు రొయ్య పెద్దది, వెల యెక్కువ. 100 కౌంటు రొయ్య చిన్నది, వెల తక్కువ. పత్రికలో ధరలు చదువు రైతునకు ఇది కరతలామలకము. కాని కంప్యూటరు దృష్టిలో 30గాని 100గాని ఉత్త అంకెలు. అంకెల క్రమములో 30 చిన్నది. "అన్నింటికంటె మేలైన సరుకును చూపు" మని అడుగగా, పెద్ద అంకెను వెదకునట్లు వ్రాసిన ప్రోగ్రాము 100 కౌంటు సరుకును ముందు నిలుపును. రైతు నెలల శ్రమ అడుగున బడును.

ఇప్పుడు అంకెలకు తలక్రిందుల క్రమమొకటి కావలెను. టైప్ క్లాసు నియమము దీనికి ఒప్పుకొనదు; ఒక టైపునకు ఒక క్లాసులో ఒక్క విధానమే యుండవలెను. రెండున్నచో కంపైలరు వెదకునప్పుడు ఏది తేవలెను? నెల్లూరిలోనే రెండు పుట్లు చెల్లినచో "పది పుట్లు" అను మాటకు అర్థమే యుండదు గదా. కావున హాస్కెల్ లో దీనికి మార్గము వేరు: అంకెను మరియొక టైపు అను తొడుగులో పెట్టి, దానికి "కౌంటు" అని పేరిచ్చి, ఆ క్రొత్త టైపునకు తలక్రిందుల క్రమమును నియమింతురు. క్రమమును తలక్రిందులు చేయు తొడుగు ఒకటి హాస్కెల్ గ్రంథాలయములోనే సిద్ధముగా గలదు. కౌంటు నిజముగా ఉత్త అంకె కాదు గనుక దానికి వేరు ముద్ర వేయుట న్యాయమే. కాని ఒకే సరుకును ఉదయము కౌంటు ననుసరించియు, మధ్యాహ్నము చెరువు పేరు ననుసరించియు, సాయంకాలము పట్టుబడి తేదీ ననుసరించియు పేర్చవలసిన గుమాస్తాకు, ప్రతిసారి తొడుగు వేసి తీయుట విసుగు పుట్టించును.

రెండవ మార్గమైన మాడ్యూళ్లు టైప్ క్లాసులకంటె ముందే పుట్టినవి. ఎం.ఎల్. భాషకు మాడ్యూళ్ల పద్ధతిని డేవిడ్ మెక్వీన్ 1984లో రూపొందించెను. 1990లో ప్రకటితమైన స్టాండర్డ్ ఎం.ఎల్. నిర్వచనములో అది స్థిరపడినది. ఫ్రాన్సుదేశమున పెరిగిన ఓకామెల్ భాషయు దీనినే తనదైన రీతిలో గ్రహించినది.

మాడ్యూలును ఒక పెట్టెగా భావింపుడు. అందులో కొన్ని టైపులు, వానిపై పనిచేయు ప్రమేయములు ఉండును. పెట్టె మీద ఒక చీటీ యుండును; దానిని సిగ్నేచరు అందురు. పెట్టెలో నేమున్నదో బయటివారికి తెలియవలసినంత మేరకు ఆ చీటీ చెప్పును. చీటీలో లేనిది బయటివారికి కనబడదు. మూడవ వస్తువునకు ఫంక్టరని పేరు. ఒక పెట్టెను లోనికి గైకొని క్రొత్త పెట్టెను చేసి యిచ్చు కార్ఖానా వంటిది యది. "పోల్చు విధానము గల పెట్టె నిండు, దానికి తగిన చిట్టా పుస్తకమును చేసి యిచ్చెదను" అని ఫంక్టరు చెప్పును. కౌంటు క్రమము గల పెట్టె నిచ్చినచో కౌంటు చిట్టా వచ్చును; తేదీ క్రమము గల పెట్టె నిచ్చినచో తేదీ చిట్టా వచ్చును. అంకెకు ఎన్ని క్రమములున్నను బాధ లేదు. ఏది కావలెనో పేరుపెట్టి చెప్పవలెను, అంతియే.

ఆ "అంతియే" యందే చిక్కున్నది. ఇందాక చెప్పిన జంటల జాబితాలకు పోలిక కావలెనన్నచో, ఊరి పేర్ల పెట్టెను, తేదీల పెట్టెను జంటల కార్ఖానాకు పంపి, వచ్చిన పెట్టెను జాబితాల కార్ఖానాకు పంపి, ప్రతి మెట్టునందును పేరుపెట్టుచు పోవలెను. హాస్కెల్ లో ఒక్క మాట కూడ వ్రాయక జరుగు పనికి ఇచ్చట పంక్తులు పంక్తులు పట్టును.

అయినచో పెట్టెలు, చీటీలు ఏల? పోల్చు ప్రమేయమునే నేరుగా చేతికిచ్చి "ఈ ప్రకారము పేర్చు" మని చెప్పరాదా యని శ్రోతలు అడుగవచ్చును. ఒక్కసారి పేర్చి విడిచిపెట్టు పనికి అది చాలును; సులభము కూడ. కాని నిలువయుండు చిట్టాలకు అది ప్రమాదము. రెండు కొనుగోలు కేంద్రములున్నవనుకొందము. ఒకచోట చిట్టాను పెద్ద రొయ్య ముందుగా వ్రాసిరి. మరియొకచోట చిన్న రొయ్య ముందుగా వ్రాసిరి. రాత్రికి రెండు చిట్టాలను కలుపవలెను. కలుపు ప్రోగ్రాము రెండును ఒకే క్రమములో నున్నవని నమ్మి, పై పంక్తులను పోల్చుచు ఒక్కటిగా కుట్టును. ఫలితము ఏ క్రమములోను లేని చిట్టా. మరునాడు 40 కౌంటు సరుకు కొరకు అందులో వెదకగా, నడిమి పుట తెరచి ఇటో అటో పోవు యంత్రము తప్పు వైపునకు పోయి "లేదు" అని చెప్పును. సరుకు ఉన్నది, చిట్టాలోను ఉన్నది. యంత్రము ఆగిపోదు, ఎర్రదీపము వెలుగదు. ఇట్టి దోషమును పట్టుకొనుట కంటె పగిలిన గట్టును పట్టుకొనుట తేలిక.

టైప్ క్లాసులును, మాడ్యూళ్లును ఈ దోషమునకు రెండును మందు గలవియే. మందులు మాత్రము వేరు. టైప్ క్లాసు పద్ధతిలో కౌంటు టైపునకు క్రమము ఒక్కటే గనుక రెండు చిట్టాలు రెండు క్రమములలో నుండుట సంభవింపదు. మాడ్యూలు పద్ధతిలో రెండు క్రమములును ఉండవచ్చును. కాని ఒక పెట్టెతో చేసిన చిట్టాకును, వేరొక పెట్టెతో చేసిన చిట్టాకును టైపులే వేరు. కలుపబోయినచో కంపైలరు నిరాకరించును. ఒకే పెట్టెను ఒకే ఫంక్టరునకు రెండుసార్లిచ్చినచో వచ్చిన చిట్టాలు ఒకే టైపువా కావా యను చోట స్టాండర్డ్ ఎం.ఎల్. ఒక దారి, ఓకామెల్ ఒక దారి త్రొక్కినవి. మొదటిది వేరనును, రెండవది ఒకటే యనును. పండితులకు ఇది పెద్ద వివాదము. గుమాస్తాకు ఓకామెల్ వారి మాటయే అనుకూలము.

టైప్ క్లాసుల ఏకనియమము వినుటకు సులభము, కాపాడుట కష్టము. రొయ్యల టైపును ఒకరు వ్రాసిరి. అచ్చువేయుటకు కావలసిన క్లాసును వేరొకరు వ్రాసిరి. ఈ టైపును ఆ క్లాసులో చేర్చు మాట ఇద్దరును వ్రాయలేదు. అప్పుడు మూడవవాడు తన అవసరము కొలది దానిని వ్రాసికొనును; నాలుగవవాడును తన తీరుగా వ్రాసికొనును. ఇట్టి దిక్కులేని చేర్పులకు ఆ శాస్త్రములో అనాథలనియే పేరు. మూడవవాని గ్రంథమును, నాలుగవవాని గ్రంథమును ఒకే ప్రోగ్రాములోనికి తెచ్చుకొన్నవాడు రెండు పుట్ల నడుమ చిక్కినవాడే. హాస్కెల్ కంపైలరు అనాథలను గూర్చి హెచ్చరింపగలదు గాని, ప్రోగ్రాము మొత్తమున చేర్పు ఒక్కటే యని ఆద్యంతము పరీక్షింపదు. అచ్చట చాలవరకు ఆచారమే కాపు. 2015లో స్థిరరూపము దాల్చిన రస్ట్ భాష ఇచ్చట కఠినముగా నిలిచినది. చేర్పును వ్రాయు హక్కు టైపు గలవారికో, క్లాసు గలవారికో తప్ప మూడవవారికి లేదని దాని శాసనము. పని తొందరలో నున్నవానికి ఇది అడ్డుగోడవలె తోచును. అయినను రాత్రి చిట్టాలు కలుపువానికి నిద్ర పట్టవలెనన్నచో ఆ గోడ ఉండవలసినదే యని మా అభిప్రాయము.

మాడ్యూళ్లకు మరియొక గొప్ప గలదు. అది దాచుట. చిట్టా లోపల కాగితములు ఎట్లు కుట్టబడినవో బయటివానికి తెలియదు. తెలిసికొనవలెనన్నను చీటీ ఒప్పుకొనదు. కావున రేపు కుట్టు మార్చినను బయటి ప్రోగ్రాము ఒక్కటియు చెడదు. హాస్కెల్ లోను మాడ్యూలను పేరుగలది యున్నది గాని, అది చాలవరకు పేర్లను దాచు సంచి మాత్రమే. చీటీని చూచి పని ముగించి, పెట్టెను తరువాత తెచ్చి అమర్చుకొను సౌకర్యమును బ్యాక్‌ప్యాక్ అను పేర 2017లో దానికి చేర్చిరి. వాడుక మాత్రము స్వల్పము.

రెండు మార్గములును కలిపిన బాగుండునను కోరిక సహజము. డెరెక్ డ్రేయర్, రాబర్ట్ హార్పర్, మాన్యుయెల్ చక్రవర్తి ప్రభృతులు 2007లో టైప్ క్లాసులను మాడ్యూళ్ల వాడుకలోనే ఒక తీరుగా చూపవచ్చునని నిరూపించిరి. తెరచాటున కంపైలరు అందించునది ఒక పెట్టెయే యనియు, ఏ పెట్టెను అడుగకయే తేవచ్చునో ఆ పరిధిలో ప్రకటించిన చాలుననియు వారి మాట. ఓకామెల్ భాషకు ఇట్టి సౌకర్యమును చేర్పవలెనని 2014లో ఒక ప్రతిపాదన వచ్చినది. స్కాలా భాష పెట్టెలను తానే వెదకి తెచ్చుచున్నది. కాని ఒకే టైపునకు పలు పెట్టెలను అనుమతించుటచే, మనము చెప్పిన రెండు చిట్టాల ప్రమాదము అచ్చట వ్రాయువాని జాగ్రత్తకే విడువబడినది.

ఇదంతయు పండితగోష్ఠి యని తోచినచో, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న శ్రీహరికోట వైపు చూడవలెను. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఆ ద్వీపమునుండి మొదటి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరినది. 2024 డిసెంబరు 30న అచ్చటినుండి ఎగసిన పి.ఎస్.ఎల్.వి.-సి60 తనతో విక్రమ్ 3201 అను ముప్పది రెండు బిట్ల స్వదేశీ ప్రాసెసరును గొనిపోయి అంతరిక్షమున పరీక్షించినది. ఆ ప్రాసెసరునకు ప్రోగ్రాములు వ్రాయుటకు అనువైన భాష ఆడా. దాని కంపైలరును ఇస్రోవారే తయారు చేసికొనిరి. 1983లో ప్రమాణీకృతమైన ఆడా ఫంక్షనల్ భాష కాదు. అయినను దాని ప్యాకేజీలు మాడ్యూళ్లకు దగ్గర చుట్టములు: చీటీ వేరు, పెట్టె వేరు, పోల్చు విధానము కావలెనన్నచో పేరుపెట్టి అందింపవలెను. రాకెట్టు నడుపు పనిలో ఏ కొలత ఎచ్చటినుండి వచ్చినదో చదువరి కంటికి కనబడుట మేలు. ఆ దృష్టితో చూడగా ఈ భాష అట్టి పనులకు తగినదే.

దక్షిణముగా కొద్ది దూరముననున్న మద్రాసు ఐ.ఐ.టి.లో శక్తి అను ప్రాసెసర్ల వంశమొకటి రూపొందినది. దాని ఆధారముగా అంతరిక్ష కార్యముల కొరకు ఇస్రోతో కూడి చేసిన ఐరిస్ అను చిప్పును 2025 ఫిబ్రవరిలో ప్రకటించిరి; అది మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో తయారైనది. శక్తి ప్రాసెసర్లను వర్ణించిన భాష బ్లూస్పెక్. అది హాస్కెల్ సంతతి. టైప్ క్లాసులను పుట్టింటి సొమ్ముగా తెచ్చుకొన్నది. ప్రాసెసరులోని ప్రతి చిన్న గదిలోను, అనగా రిజిస్టరులో, నిలువచేయు విలువ తుదకు బిట్లుగా మారవలెను. "బిట్లుగా మారగలవి" అనునది ఆ భాషలో ఒక టైప్ క్లాసు. ఒక టైపు ఎన్ని బిట్లలో ఇముడునో, ఎట్లు ఇముడునో అందులో ఒక్కసారి చెప్పియుండును. పిమ్మట వేలాది గదులలో ఆ లెక్కను కంపైలరే వేయును. మనిషి ప్రతి గదికిని పేరుపెట్టి చెప్పవలసినచో ఆ పని తెమలదు, తెమలినను తప్పులు దొరలును. ఒక టైపునకు బిట్ల అమరిక ఒక్కటే యుండుట ఇచ్చట లోపము కాదు, అవసరము. ఒకే విలువను ఒక గది ఒక తీరునను, ప్రక్క గది మరియొక తీరునను చదువుకొన్నచో ప్రాసెసరే యుండదు. అదే భాషలో మాడ్యూలనగా నిజమైన విద్యుత్పరికరము. దాని ఇంటర్ఫేసు చీటీ వంటిది.

చీటీ ఎంత చక్కగా వ్రాసినను అది చెప్పలేని సంగతులుండును. ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు 1996 జూన్ 4న కురూ నుండి తొలిసారి లేచి, సుమారు 37 సెకనులకు దారి తప్పి విచ్ఛిన్నమైనది. దాని దిశాసూచక యంత్రములోని ఆడా ప్రోగ్రామును ఏరియన్ 4 నుండి మార్పు లేక తెచ్చిరి. రాకెట్టు అడ్డముగా పోవు వేగమునకు సంబంధించిన అరువది నాలుగు బిట్ల సంఖ్య నొకదానిని అందులో పదునారు బిట్ల పూర్ణాంకముగా మార్చుదురు. ఏరియన్ 4 వేగమునకు ఆ చోటు చాలినది; ఏరియన్ 5 మార్గము వేరు గనుక సంఖ్య పట్టక పొర్లినది. అట్టి యేడు సంఖ్యలలో నాలుగింటికి రక్షణ పెట్టి, యంత్రముపై భారము పెరుగునని మూడింటిని విడిచిరి. అదనపు యంత్రమును అదే ప్రోగ్రాముతో నడచుచుండుటచే అదియు అదే క్షణమున చేతులెత్తినది. టైపులు సరిపోయినవి, చీటీ సరిపోయినది. "పాత రాకెట్టు ఇంతకుమించి వేగముగా పోదు" అను నమ్మకము మాత్రము చీటీ మీద ఎవరును వ్రాయలేదు. టైప్ క్లాసులు గాని మాడ్యూళ్లు గాని ఉన్నంత మాత్రమున ఆ నమ్మకము బయటపడునని చెప్పజాలము. సంఖ్య యొక్క హద్దునే టైపులో చేర్చి, మార్చుచోట పరీక్షింపవలసి యుండును.

మన తీరమున కళాశాలలలో కంప్యూటరు చదువు విద్యార్థులు ఈ రెండు మార్గములను చేతితో చేసి చూచుటకు గొప్ప యంత్రములక్కరలేదు. హాస్కెల్, ఓకామెల్ రెండును ఉచితముగా దొరకును. ఒక రొయ్యల చిట్టాను రెండింటిలోను వ్రాయుడు. కౌంటునకు హాస్కెల్ లో తొడుగు వేసి, ఓకామెల్ లో పెట్టె కట్టి, పిమ్మట రెండు కేంద్రముల చిట్టాలను వేరువేరు క్రమములలో పెట్టి కలుపబూనుడు. కంపైలరు ఎచ్చట అడ్డుపడినదో, ఏ మాటలతో అడ్డుపడినదో చూడుడు. తరువాత పోల్చు ప్రమేయమును ఉత్తచేతితో అందించి అదే పనిని మూడవసారి చేసి, 40 కౌంటు సరుకు కొరకు వెదకుడు.